పాటిదిబ్బల మొఱ

అమీరుపేటయందో పంజగుట్టయందో మెట్రో రైలెక్కిన ప్రయాణికుడు బండి మారకయే చైతన్యపురిలో దిగవచ్చును. 2018 సెప్టెంబరు 24వ తేదీన ఈ మార్గము ఎల్బీనగరు వఱకు తెఱవబడినది మొదలు నిత్యము వేలకొలది జనులు ఆ దారిని పోవుచు వచ్చుచు నున్నారు. చైతన్యపురికి అనతిదూరమున, మూసీనది గట్టున, కొసగుండ్ల నరసింహస్వామి వెలసిన గుట్ట కలదు. ఆ గుట్టమీది బండపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసన మొకటి యున్నది. క్రీస్తుశకము నాలుగైదు శతాబ్దుల నాటిదని లిపిజ్ఞులు దానిని నిర్ణయించిరి. అందు గోవిందరాజ విహార మను పేరు కానవచ్చుచున్నది. విష్ణుకుండి వంశజుడైన గోవిందవర్మ పేర వెలసిన బౌద్ధవిహార మది యని పండితుల అభిప్రాయము. 1591లో కులీ కుతుబుషా చార్మినారు కట్టించుటకు వేయి సంవత్సరములకు పూర్వమే ఈ మూసీ యొడ్డున భిక్షువులు వసించి యుండిరి. ఆ రైలులో పోవువారిలో నూటికొక్కరైనను ఈ సంగతి నెఱుగుదురా యని మాకు సందేహము.

నగరవాసులను నిందించుట మా యుద్దేశము కాదు. వారికి ఎఱుకపఱచిన దెవరు? హైదరాబాదు చరిత్ర గోలకొండతో మొదలగునని పాఠశాలలో చదివిరి, అంతతో సరిపుచ్చుకొనిరి. పల్లెవాసుల కథ వేఱు. వారి యూరి దిబ్బకు వారు చరిత్ర కల్పించుకొనకపోలేదు. కాని ఆ చరిత్రమంతయు భారతమునుండియో రామాయణమునుండియో తెచ్చుకొన్నది. ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లియందు విశాలమైన మట్టికోటయు, దాని చేరువను పెద్ద బౌద్ధస్తూపమును కలవు. జనులు ఆ దిబ్బను విరాటరాజు గద్దె యందురు. పాండవు లచ్చట అజ్ఞాతవాసము చేసిరని చెప్పుకొందురు. భట్టిప్రోలు స్తూపమున కొచ్చిన పేరు మఱింత విపరీతము. బుద్ధుని ధాతువులను గర్భమున నిలుపుకొన్న ఆ మహాస్తూపమును జనులు తరతరములుగా లంజదిబ్బ యని పిలిచిరి. తక్కిన తావులలో గూడ ఈ పేరే వినవచ్చును. భిక్షుణులు వసించిన స్థలములకు, ఆ మతము మఱుగుపడిన పిదప, ఎవరో ద్వేషము కొలది పెట్టిన పేరని కొందరు ఊహింతురు. అమరావతి స్తూపము మాత్రము దీపాలదిన్నె యను మంచి పేరుతో బ్రదికినది.

పేరు తెలియని దిబ్బలు ఇంతకు నూఱురెట్లున్నవి. ఆంధ్రజిల్లాలలో పాటిదిబ్బ, పాటిమిట్ట యనియు, తెలంగాణములో పాటిగడ్డ యనియు పిలువబడునవి ఇవియే. పాటి యనగా పూర్వ మూరుండి పాడైన చోటు. అమీరుపేటకు పొరుగున, బేగంపేట ప్రక్కను, పాటిగడ్డ యను పేట యొకటి నేటికిని గలదు. పేరు నిలిచినది, గడ్డమీద ఇండ్లు లేచినవి. పంజగుట్టలోను గుట్ట పేరునందే యెక్కువగా మిగిలినది.

ఈ దిబ్బల మన్ను బూడిదవన్నె గలది. కొన్ని వందలయేండ్లు జనులు కాపురముండి పాఱబోసిన బూడిద, పేడ, ఎముకలు, ఊకపొట్టు కుళ్లి కలిసి మాగిన మన్ను అది. పొలమునకు తోలినచో ఎరువుగా పనిచేయును. అందుచే వేసవిలో పొలములు ఖాళీగా నున్న వేళ చెఱువు పూడికమన్ను తోలినట్లే పాటిమన్నును తోలుట మన రైతులకు అనాదిగా వచ్చిన అలవాటు. ఎడ్లబండ్లతో తోలిన కాలమున ఒక దిబ్బ కరగుటకు మూడు తరములు పట్టెడిది. బండికి బండి మన్ను తీయునప్పుడు పలుగుకు తగిలిన పూసయో, సీసపు నాణెమో, మూరెడు పొడవున్న ఇటుకయో రైతు కంటబడెడిది; పిల్లవానికి ఆటవస్తు వయ్యెడిది; ఒకప్పుడు బడిపంతులుగారి చేతికిని చేరెడిది. నేడు జేసీబీ యంత్రము వచ్చినది. ఒక్క రాత్రిలో ఒక మూల సమసిపోవును. లారీలోనికి పోయిన దేమో త్రవ్వినవానికే తెలియదు.

ఇందలి నష్ట మెట్టిదో తెలియవలెనన్న అమరావతి కథను ఒకమాఱు తలచుకొనవలెను. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు పదునెనిమిదవ శతాబ్ది చివర చింతపల్లి విడిచి అమరావతిని తన రాజధానిగా చేసికొనెను. ఆయన దాత, దేవభక్తుడు, తెలుగుదేశమున కీర్తి గడించిన ప్రభువు. నూతన పట్టణమునకు రాయి, ఇటుక కావలసివచ్చినవి. దీపాలదిన్నెయందు చెక్కినవి చెక్కనివి కావలసినన్ని దొరకినవి. 1797లో కల్నల్ మెకంజీ ఆ వార్త విని వచ్చి చూచునప్పటికే స్తూపము గుండె గుల్లయై యుండెను. పిమ్మట 1816లో ఆయన మరల వచ్చి, చిత్రకారులచే ఫలకములకు పటములు వ్రాయించెను. ఆ పటములలో నున్న ఫలకములలో ననేకము నేడు భూమిమీద లేవు. కొన్ని గోడలలో కలిసినవి. కొన్ని సున్నపుబట్టీలో కాలి సున్నమైనవి. రెండువేల యేండ్ల శిల్పము గోడకు వెల్లవేయుటకు పనికివచ్చినది.

మిగిలినవానిలో శ్రేష్ఠమైనవి 1845లో వాల్టర్ ఇలియట్ దొర త్రవ్వించి మద్రాసు చేర్చెను. అచ్చట ఎండకు వానకు కొన్నియేండ్లు పడియుండి, 1859లో ఓడనెక్కి లండను చేరినవి. నేడు బ్రిటిషు మ్యూజియమునందు ఇంచుమించు 120 ఫలకములు కలవు. తక్కినవానిలో పెక్కులు చెన్నపట్టణము ఎగ్మూరు మ్యూజియమునందున్నవి. అమరావతిలో మిగిలినది మట్టిదిబ్బయు, చుట్టును కొన్ని రాళ్లును. పరప్రభుత్వము మన సొత్తు నెత్తుకొనిపోయిన దని మనము చెప్పుకొనుట న్యాయమే. కాని తొలి పలుగుపోటు ఎవరిదో కూడ చెప్పవలెను. భట్టిప్రోలులో ఈ రెండును ఒక్కటైనవి. స్తూపపు ఇటుకలు రోడ్డు వేయుటకును, పాలరాళ్లు కాలువ లాకుకును మరామత్తు శాఖవారు వాడుకొనిరి. రాయి తోలినది మన కంట్రాక్టరులే, తోలుమన్నది దొరలు. అంత జరిగిన పిమ్మట 1892లో అలెగ్జాండర్ రే మిగిలిన దానిని త్రవ్వగా ధాతుకరండములు బయల్పడెను. వానిపై శాసనములు కుబిరకుడను రాజును, నిగమసభ్యులను పేర్కొనుచున్నవి. తెలుగుదేశమునందు లభించిన ప్రాచీనతమ లేఖనములలో నవి చేరినవి. లాకు కట్టినవారు ఇంకొక నాలుగుమూరలు లోతుగా పోయియుండినచో మన లిపి చరిత్రలో మొదటి పుటయే లేకపోయెడిది.

ఇక స్వతంత్ర భారతమున జరిగిన పెద్ద సంఘటన నాగార్జునకొండ. 1926లో ఏ. ఆర్. సరస్వతిగారు ఆ లోయలోని శిథిలములను మొదట గుర్తించిరి. లాంగ్‌హర్స్టు దొరయు, ఆ పిమ్మట టి. ఎన్. రామచంద్రన్ గారును కొంత త్రవ్వించిరి. నదికి ఆనకట్ట వేయ నిశ్చయించినప్పుడు లోయ యంతయు మునుగునని తేలినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. అంతకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున పెద్ద త్రవ్వకము ఆరంభమై ఆఱు సంవత్సరములు సాగినది. ఇక్ష్వాకుల విజయపురి సమస్తమును కనుల యెదుట నిలిచినది: విహారములు, చైత్యములు, స్నానఘట్టములు, దేవాలయములు, మెట్లు మెట్లుగా కట్టిన రంగస్థలము, అశ్వమేధమున అవభృథస్నానము చేసిన కొలను. ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి కొండమీదికిని అనుపు గట్టుమీదికిని చేర్చిరి. తక్కినది నీటిపాలైనది.

అది తప్పా, ఒప్పా? మే మా నీటిని తప్పుపట్టము. కుడికాలువ, ఎడమకాలువల క్రింద లక్షలాది యెకరములు పండుచున్నవి; ఈ పత్రిక చదువువారిలో ననేకుల గాదెలు నిండినది ఆ నీటివలననే. అన్నమునకు మించిన ధర్మము లేదు. మేము చూపదలచిన దొక్కటి. అంతటి యవసరము వచ్చినప్పుడు గూడ ఒక దేశము ఆఱేండ్లు ఆగి, త్రవ్వి, వ్రాసికొని, పటములు తీసికొని, మోయగలిగినది మోసి, ఆ పిమ్మట నీరు విడిచినది. గోదావరి గట్టున కోటిలింగాలకు ఎల్లంపల్లి జలాశయపు నీరు రాకముందు త్రవ్వకములు జరిగి, శాతవాహనులలో తొలివారి నాణెములు మనకు దక్కినవి. మహానదికి అడ్డుకట్ట వేయుటకు ఇంత ఆలోచన కాగా, ఒక వెంచరులో ప్లాట్లు వేయుటకు, ఒక రోడ్డుకు మొరము తోలుటకు ఒక గంట యాలోచన యేల లేదు?

మొరమన్నమాట వచ్చినది గనుక నగరము వంతు కూడ చెప్పవలెను. అమీరుపేట, పంజగుట్టల చుట్టును లేచిన అంతస్తులు గాలిలోనుండి రాలేదు. ఇసుక ఏ వాగుదో, కంకర ఏ గుట్టదో, పునాది క్రింద నింపిన మన్ను ఏ యూరిదో విచారించువారు లేరు. ఆ యంతస్తులలో గదికి నలుగురైదుగురు చొప్పున కాపురముండి కంప్యూటరు విద్య నభ్యసించు యువకులు వేలకొలది కలరు. మైత్రీవనము చుట్టుప్రక్కల వీథులలో గోడలనిండ వారికై అంటించిన ప్రకటనలే. ఊరు విడిచి, చిన్నగదిలో చాపపఱచుకొని, ఒక్క పూట తిని చదువుకొను వారిని చూచినప్పుడు తొట్లకొండమీది భిక్షువుల గదుల వరుస మాకు జ్ఞప్తికి వచ్చును. ఆ పిల్లలలో సూర్యాపేటవారు, పెద్దపల్లివారు, గుంటూరువారు, శ్రీకాకుళమువారు అందఱును ఉందురు; తమ యూరి దిబ్బనుండి వచ్చి మఱియొకరి యూరి దిబ్బపై కట్టిన మేడలో ఉందురు.

సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి మాట చెప్పుకొందము. నిజాము ప్రభుత్వము 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీ గారి నధికారిగా నియమించినది. ఆ శాఖవారు 1940 ప్రాంతమున సంగారెడ్డి చెంత కొండాపురమును త్రవ్వి చైత్యవిహారముల జాడలను, రోమను చక్రవర్తి అగస్టసు బంగారు నాణెమును కనుగొనిరి. ఆ దశకముననే ఫణిగిరి గుట్టయు వారి దృష్టికి వచ్చినది. ఆ పిమ్మట అర్ధశతాబ్దికి పైగా అది మఱవబడియుండెను. 2001 మొదలు జరిగిన త్రవ్వకములలో మహాస్తూపము, అర్ధవర్తులాకార చైత్యగృహములు, భిక్షువుల గదులు, స్తంభములతో గూడిన సభామండపము, శిల్పములు నిండిన తోరణపు దూలములు వెలువడెను. ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరపు శాసనమును దొరకినది. కృష్ణాతీరపు రాజుల యేలుబడి ఇంతదూరము వ్యాపించెనని దానివలన తేలినది.

2023లో ఫణిగిరి శిల్పములు సముద్రము దాటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రాచీన బౌద్ధశిల్ప ప్రదర్శనమునందు నిలిచినవి. అటనుండి దక్షిణ కొరియాకును పోయినవి. లోకము మెచ్చినది. 2024లో అదే గుట్టమీద ఒక మట్టికుండ వెలువడినది. దానిలో 3,730 సీసపు నాణెములు! ఒకవైపు ఏనుగు, మఱియొకవైపు ఉజ్జయినీ చిహ్నము. ఎనుబదేండ్లకు పూర్వమే కనుగొన్న స్థలమునందు, పదేపదే త్రవ్వినచోటనే, ఇట్టి కుండ యొకటి నిన్న దొరకినదన్నచో, ఇంకను ఎవరును పలుగు పెట్టని దిబ్బలలో నేమి కలదో ఊహింపవచ్చును. ఆ కుండ పురావస్తు శాఖవారి చేతిగరిటకు దొరకినది గనుక నాణెములెన్నో, ఏ మట్టిపొరలో నున్నవో, ప్రక్కన నేమున్నదో లెక్క తేలినది. జేసీబీ దంతమునకు దొరకినచో? సీసమును కిలోల లెక్కన పాతసామానువానికి తూచి యుందురు.

ఈ కట్టడములు ఊరికి సమీపమున నుండుటకు కారణము కలదు. భిక్షువు వంట చేసికొనడు. ప్రతిదినము ఊరిలో భిక్ష నెత్తవలెను. ఊరిలో కాపురమున్నచో ధ్యానము సాగదు. ఊరికి దూరమైనచో కడుపు నిండదు. కావున నడచిపోయి మధ్యాహ్నమునకు లోపల తిరిగి రాగల దూరమున, గుట్టమీదనో వాగు గట్టుననో విహారమును కట్టుకొనిరి. వాననీరు నిలుపుకొనుటకు బండలో తొట్లు తొలిచిరి. విశాఖపట్టణము చెంత తొట్లకొండకు ఆ పేరట్లు వచ్చినది. పొరుగుననే బావికొండకు బావుల పేరు. వర్తకుల బండ్లబాట ప్రక్కను పోవుచుండెడిది.

కట్టించినది రాజులు మాత్రమే యనుకొనుట పొరబాటు. అమరావతి శాసనములలో గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యము లమ్మువారు, భిక్షుణులు, వారి కూతుండ్రు, కోడండ్రు కనబడుదురు. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో గూడి పూర్ణఘట ఫలకమును సమర్పించెను. ఆ ఫలకముపై ఆయన పేరు నేటికిని చదువవచ్చును. గృహపతి యనగా ఎవరు? భూమియు పశువులును గల కుటుంబ పెద్ద. నేటి మాటలో మోతుబరి. యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెమున దొరకిన రాగిరేకులు ఇంద్రపురమున మహారాణి కట్టించిన విహారమునకు గోవిందవర్మ గ్రామములనే దానము చేసెనని చెప్పుచున్నవి. విహారములలో వెలిగిన దీపమునకు నూనె, భిక్షాపాత్రలో పడిన మెతుకు, ఈ పొలములలో పండినవే. ఆ దిబ్బ మనది కాదనువాడు తన తాతముత్తాతల దానమునే తనది కాదను చున్నాడు.

ఈ మాటకు కొందరు మఱియొక యభ్యంతరము చెప్పుదురు: అది పరమతము గదా, మనకేల యని. నాగార్జునకొండలో వారికి సమాధానమున్నది. శాంతమూలుడు అశ్వమేధము చేసిన రాజు. ఆయన సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభము లెత్తించినది. ఒక్క యింటిలో అన్న వైదికుడు, చెల్లెలు బౌద్ధోపాసిక. వారి నడుమ తగవు పడినట్లు ఏ శాసనమును చెప్పదు. గుంటుపల్లి గుహలోని స్తూపమును జనులు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. కొలిచిరి గనుకనే అది నిలిచినది. అనకాపల్లి చెంత శంకరమున బొజ్జన్నకొండ కలదు. బుద్ధన్నకొండ యను పేరే అట్లు మాఱినదందురు. అచ్చట కనుమనాడు తీర్థము సాగును. ఆ దినమున విగ్రహమును రాక్షసుడని రాళ్లతో కొట్టు నాచారము ఇటీవలి వఱకు నుండి, చెప్పగా చెప్పగా మానిరి. ఒకచోట పూజయు, ఒకచోట రాళ్లును. రెండింటికిని మూలము ఎఱుగమియే. పూజ చేయువారిని త్రోసివేయుమని మే మనము. అది స్తూపమని ఒక పలక కట్టి, పూజను సాగనిచ్చినచో ఎవరికి కొఱత?

పూజకంటెను, పొలము దున్నుటకంటెను నేడు పెద్ద యపాయము గుప్తనిధుల పిచ్చి. అమావాస్యనాడు కోడిని కోసి, నిమ్మకాయలు పెట్టి, స్తూపము నడిమి భాగమును నిలువున త్రవ్వు ముఠాలు రెండు రాష్ట్రములందును కలవు. వారికి ఈ పత్రికాముఖమున ఒక సంగతి తెలుపుచున్నాము. స్తూపగర్భమున నున్నది రాజుల ఖజానా కాదు. భట్టిప్రోలు కరండములలో దొరకినది చిన్న స్ఫటికపు బరిణె, ఎముకతునక, కొన్ని పూసలు, గోరంత బంగారుపూలు. అది భక్తుడు పెట్టిన కానుక. దొంగకు ఒక్కరాత్రి కూలి గిట్టదు. కాని ఆ త్రవ్వకముచే స్తూపము మాత్రము చచ్చును.

చదువుకొన్న దొంగ వేఱు. వానికి విలువ తెలియును. ప్రకాశము జిల్లా చందవరమునుండి దొంగిలింపబడిన సున్నపురాతి ఫలకము ఒకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో తేలినది. 2005లో వారు దానిని న్యూయార్కు వర్తకురాలియొద్ద కొనిరి. 2016లో మనకు మరల అప్పగించిరి. అది చందవరముదేనని ఎట్లు తేలినది? పూర్వము తీసిన ఛాయాపటము ఒకటి యుండుటచేత. పటము లేని శిల్పము పోయినచో నది మనదని రుజువు చేయుటకు దిక్కులేదు. మన పల్లెలలో చెట్టుక్రింద, చావడి అరుగుమీద, గుడివెనుక పడియున్న వందలాది శిల్పములలో ఎన్నింటికి పటములున్నవి? చేతిలో ఫోనున్న ప్రతివాడును పెండ్లిభోజనమునకు పటము తీయు కాలమిది.

రైతు ఏల దాచుననునది అసలు చిక్కు. తన పొలమున ఇటుకగోడ బయల్పడినచో రైతు సంతోషింపడు, భయపడును. తెలిపినచో భూమి పోవును, దున్ననీయరు, బావి త్రవ్వనీయరు, కోర్టుల చుట్టు త్రిప్పుదురు. అందుచే రాత్రికి రాత్రి పూడ్చును. లేదా పెకలించి పాఱవేయును. ఈ భయము నిష్కారణము కాదు. కేంద్ర రక్షణలోని కట్టడమునకు నూఱు మీటర్ల లోపల క్రొత్త కట్టడము కూడదనియు, ఆ పైని మఱి రెండువందల మీటర్ల వఱకు అనుమతి కావలయుననియు 2010లో సవరించిన చట్టము చెప్పుచున్నది. నగరమున ఆ చట్టము కావలసినదే. కాని పల్లెలో, ఐదెకరముల రైతుకు అది పిడుగువంటిది. చట్టము చేసినవారు స్మారకమును చూచిరి. దాని ప్రక్కనున్న కాపును చూడలేదు. బ్రిటిషు ఇండియాకై చేసిన 1878 నాటి నిధినిక్షేపముల చట్టమునందు ఈ విషయమున కొంత యింగితము కలదు. దొరకినది పది రూపాయలకు మించిన దైనచో కలెక్టరుకు తెలుపవలెను. స్వంతదారుడు తేలనిచో కనుగొన్నవానికి మూడువంతులు, భూమి గలవానికి ఒకవంతు. ప్రభుత్వము తానే తీసికొన్నచో లోహపు విలువపై అయిదవవంతు అధికముగా చెల్లింపవలెను. కనుగొన్నవాడు దొంగ కాడని, వాటాదారుడని ఆ చట్టము తలచినది. కాని ఇటుకగోడకు వాటా లేదు; ఇటుకను కాపాడిన రైతుకు ఏ చట్టమును కాసు ఇచ్చుట లేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వము వారసత్వ సంపద చట్టమును చేసినది. మంచిదే. చట్టములోని పట్టికయందు చేరినవానికి మాత్రమే అది గొడుగు. పట్టికలో చేరని పాటిదిబ్బల గతి యేమి? అందుచే మేము కోరునది ముందుగా ఒక చిన్న పని. ప్రతి గ్రామమునను పాటిదిబ్బ యున్న సర్వే నెంబరునకు ఎదురుగా భూమి రికార్డులో ఒక మాట వ్రాయవలెను. పహాణీలోను అడంగలులోను బావి, చెఱువు, చెట్లు వ్రాయుట మనకు అలవాటే. నేడు తెలంగాణములో ధరణి పోయి భూభారతి వచ్చినది. రికార్డులను తిరుగవేయుచున్న ఈ సమయమున ఆ గడి నొకదానిని చేర్చుట కష్టము కాదు. అట్లు వ్రాసినంతనే రైతు హక్కు పోరాదు, దున్నుట ఆగరాదు. ఆ నెంబరులో మన్ను తోలుటకో, ప్లాట్లు వేయుటకో దరఖాస్తు వచ్చినప్పుడు మాత్రము పురావస్తు శాఖవారు వచ్చి చూచువఱకు యంత్రము ఆగవలెను. ఎన్ని దినములలో రావలెనో కూడ గడువుండవలెను. గడువు లేని తనిఖీ లంచమునకు తలుపు. ఆగిన దినములకు రైతునకు పంటనష్టము లెక్కకట్టి ఇయ్యవలెను.

దొరకిన వస్తువుల మాట. ప్రతి పూసను రాజధానికి తరలించుట మాకు సమ్మతము కాదు. లండను తీసికొనిపోయినప్పుడు పరాయివారు దోచిరంటిమి. హైదరాబాదు తీసికొనివచ్చి గోదాములో పెట్టెలో పెట్టినచో ఊరివానికి భేదమేమి? కొండాపురమున త్రవ్వినచోటనే మ్యూజియము కలదు, నాగార్జునకొండమీదను కలదు. ఊరిబడిలో ఒక గదికి మంచి తాళము, ఒక బీరువా, ఒక జాబితా, ఆ జాబితా నకలు జిల్లా కచేరిలో నుండినచో చాలును. తన యూరి పూసను తన బడిలో చూచిన పిల్లవాడు దిబ్బమీదికి జేసీబీ వచ్చిననాడు ఊరుకొనడు. 1919లో సాలిహుండము దిబ్బలను మొదట కనుగొన్న దెవరో పాఠకులకు జ్ఞప్తి చేయుదుము: వ్యావహారికభాషకై జీవితమంతయు పోరిన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పురావస్తు శాఖాధికారి కాడు, పంతులు. వారి భాషావాదముతో ఏకీభవింపక ఇట్టి భాష వ్రాయుచున్న మాబోంట్లు గూడ ఆ చూపునకు నమస్కరింపవలసినదే.

డబ్బు లేదందురు. హుస్సేను సాగరమున 1992లో నిలిపిన ఏకశిలా బుద్ధవిగ్రహమును పంజగుట్టనుండి గడియసేపటిలో పోయి చూడవచ్చును. మూడువందల టన్నులకు మించిన ఆ శిల 1990 మార్చిలో పడవనుండి జారి నీటబడినప్పుడు ప్రాణములు పోయినవి. రెండేండ్లకు మరల లేపి నిలిపిరి. అంత పట్టుదల మనకున్నది. నాగార్జునసాగరు చెంత 274 ఎకరములలో బుద్ధవనము 2022 మే నెలలో తెఱవబడినది. క్రొత్త స్తూపము, క్రొత్త శిల్పములు, తోటలు, చూడ ముచ్చట. విదేశ యాత్రికులు రావలెననియు మేమును కోరుదుము. కాని పాత ఇటుకను పోనిచ్చి క్రొత్త ఇటుకతో పాతదాని నమూనా కట్టుట, తాతను వీథిలో విడిచి తాత పటమునకు పూలదండ వేయుటవంటిది. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపములో తిరిగి కట్టిన భాగము కూలినది. ఏటేటి మరమ్మతుకు, ఒక కావలివానికి, ఒక ముళ్లకంచెకు పట్టు వ్యయము విగ్రహముల వ్యయములో ఎన్నవ వంతు?

ఈ పత్రిక చదువు భూస్వాములలో పలువురు నేడు ఊరిలో లేరు. పిల్లల చదువుకో, వైద్యమునకో అమీరుపేటలోను పంజగుట్టలోను కాపురముండి పొలము కౌలుకిచ్చినవారు. దిబ్బ మన్ను అమ్ముటకు కౌలుదారుకు హక్కు లేదు. మాట ఫోనుమీద వారిచ్చుచున్నారు. ట్రాక్టరుకు ఇంతయని లెక్క చెప్పి, సరేనన్నంతనే ఆ రాత్రి పని జరుగును. అట్టివారు మాఘమాసము దాటకముందే ఒకమాఱు ఊరికి పోయి, దిబ్బచుట్టును నడచి, కనబడిన ఇటుకను కొలిచి, పటము తీసి, సర్వే నెంబరు వేసి తహసీలుదారునకును పురావస్తు శాఖకును ఉత్తరము వ్రాసి రసీదు తీసికొనవలెను. ఫాల్గుణము దాటినచో పంటలు కోతకు వచ్చును. చైత్రములో పొలములు ఖాళీయగును. అటుపిమ్మట మన్నుతోలువారు వచ్చెదరు.